చావు ఇంటి వంతు

“ఆ లాప్‌టాప్ నువ్వు మూస్తావా, నన్ను మూయమంటావా?”

ప్రవీణ్‌కుమార్ అన్నానికి పిలవడం ఇది మూడోసారి. మొదటిసారి వంటగదిలోంచి పిలిచాడు, రెండోసారి నడవలోంచి, ఇప్పుడు గదిలోకే వచ్చి భార్య కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

బిందుశ్రీ తల తిప్పలేదు.

“మామయ్య తిన్నారా?”

“తినలేదు. తెలిసే అడుగుతున్నావు.”

తెలుసు. పప్పులో ఉప్పు లేదంటూ చెన్నకేశవరావు కంచం పక్కకు నెట్టి చెయ్యి కడుక్కున్న చప్పుడు ఈ గదిలోకి వినిపించింది. పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంది. అత్తగారు పుష్పావతి రుచి చూడకుండా ఎవరికీ వడ్డించదు. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఉప్పు తక్కువైందనీ, గేటు ఎవరు తీసిపెట్టారనీ, తువాలు ఎక్కడ పెట్టారనీ బోలెడు గొడవలు జరిగాయి. అసలు గొడవను మాత్రం ఎవరూ కదపలేదు.

అసలు గొడవ సాయంత్రం నాలుగింటికి ఉంది, కాలువ గట్టు మీది నీటి సంఘం రేకుల షెడ్డులో. తూములు తిప్పి పొలాలకు నీళ్ళు వదిలే నీరుగంటి హొన్నూరప్పను పనిలోంచి తీసేయాలని తీర్మానం. పెట్టేది సంఘం అధ్యక్షుడు చెన్నకేశవరావు.

“నువ్వూ రావాలి. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే చాలు,” అన్నాడు ప్రవీణ్.

“ఏ రెండు ముక్కలు?”

“యాప్ సరిగ్గానే పనిచేసింది. తప్పు తూము తిప్పిన మనిషిది.”

“యాప్ సరిగ్గానే పనిచేసింది. అదేనండీ నా ఏడుపు.”

“నా దగ్గర ఆ ఆన్‌లైన్ క్లాసు మాటలు మాట్లాడకు బిందూ.”

అవి క్లాసు మాటలు కావు. పన్నెండు రోజుల కిందట చివరి మడుల రుద్రేశ్ వాళ్ళ అమ్మ హనుమమ్మ చనిపోయింది. ఆ రోజే రుద్రేశ్ మూడెకరాలకు నీటి వంతు. పదిహేను రోజులకు ఒకసారి వచ్చే వంతు. వరి పొట్ట మీద ఉంది. శవాన్ని వాకిట్లో పెట్టుకుని ఏడుస్తున్న కొడుకు ఫోనుకు, బిందుశ్రీ తయారుచేసిన ‘వంతు’ యాప్ సందేశం పంపింది. మీ వంతు వచ్చింది, నీళ్ళు కావాలా అని. అరగంట చూసింది. జవాబు లేదు. జాబితాలో రుద్రేశ్‌ది ఆఖరి పేరు కాబట్టి వంతు మళ్ళీ మొదటి పేరుకు పోయింది. మొదటి పేరు చెన్నకేశవరావుది. తూము ఆయన పొలం వైపు తిరిగింది. తల్లి కర్మలు ముగించుకుని రుద్రేశ్ మడి దగ్గరికి వెళ్ళేసరికి నేల నెర్రెలు విచ్చి ఉంది. వెన్నులు తెల్లగా తాలు పోయాయి.

ఆ కాలువ కింద యాభై ఏళ్ళుగా ఒక పద్ధతి నడుస్తోంది. వంతు రోజున ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటివాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. నీరుగంటే పోయి వాళ్ళ మడికి నీళ్ళు కట్టి వస్తాడు. తర్వాతి వంతువాడు నోరెత్తకుండా ఆగుతాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడి తలకాడ పొలాలున్న క్యాంపు వాళ్ళయినా, చివర పొలాలున్న పాత ఊరి వాళ్ళయినా ఈ ఒక్క విషయంలో పేచీ పడింది లేదు. అందరికీ తెలిసిన సంగతి కనుక ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. యాప్ లోపల బిందుశ్రీ కూడా పెట్టలేదు.

“చావు జరిగిందని హొన్నూరప్పకు తెలీదా? తెలిసి మన పొలం వైపు ఎందుకు తిప్పాడు?” ప్రవీణ్ గొంతు పెంచాడు.

“ఫోన్లో ఏమొస్తే అది చెయ్యి, నీ సొంత తెలివి వాడకు అని రెండేళ్ళ కిందట మామయ్యే కదా చెప్పింది.”

“అది వేరు.”

“ఏం వేరు?”

“వేరంటే వేరు. బళ్ళారి కౌల్ బజార్‌లో నా ఎరువుల షాపు మెట్లెక్కేది ఈ రైతులే. నిన్న ఒకడు నా మొహం మీదే అడిగాడు, చావు ఇంటి నీళ్ళు ఎట్లా తాగబుద్ధయింది మీకు అని. నేనేం చెప్పాలి? మా ఆవిడ బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది, అన్నీ ఆలోచించే రాసింది అని చెప్పనా?”

అంతకంటే గట్టి దెబ్బ అతని దగ్గర లేదు. ఆ మాట విసిరేసి, అన్నం తినకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

రెండింటికి బిందుశ్రీ క్లాసు మొదలైంది.

తొమ్మిదేళ్ళు ఆమె కోడ్ రాసింది. ఈ ఏడాది కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ శిక్షణకు తీసుకుంది. ఆర్కిటెక్ట్ అంటే అందరికంటే బాగా కోడ్ రాసేవాడనీ, పెద్ద బోర్డు మీద డబ్బాలు గీసి వాటి మధ్య బాణాలు పెట్టేవాడనీ ఆమె కూడా అనుకుంది. నేర్పే యశోద మేడమ్ మొదటి వారమే ఆ నమ్మకాన్ని ఉతికి ఆరేసింది. “బొమ్మ ఎవరైనా గీస్తారు. ఎందుకలా గీశావు అంటే జవాబు చెప్పేవాడు ఆర్కిటెక్ట్. ఏ దారి పట్టినా ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. వచ్చేదాన్ని అందరూ చెప్పుకుంటారు. పోయేదేమిటో, పోగొట్టుకునేది ఎవరో నువ్వు చెప్పాలి,” అంది.

ఈ నెల పని, నడుస్తున్న సిస్టమ్ ఒకదానికి నిర్ణయపత్రం రాయడం. నాలుగు గడులు. పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించారు, ఎందుకు, దానివల్ల ఏం జరుగుతుంది. బిందుశ్రీ ‘వంతు’ యాప్‌నే తీసుకుంది. తీసుకున్నప్పుడు హనుమమ్మ బతికే ఉంది.

“అరగంట అని ఎందుకు పెట్టావు?” తెర మీద యశోద అడిగింది. హొసపేట మనిషి. మెత్తగా మాట్లాడటం ఆమెకు చేతకాదు, చేతనవ్వాలనీ లేదు.

“జవాబు కోసం చూస్తూ కూర్చుంటే నీళ్ళు దిగువకు పోతాయి మేడమ్. వృథా అవకూడదని.”

“సరే. త్వరగా తేలిపోవాలన్నది నీ కోరిక. దానికోసం ఏం వదులుకున్నావు?”

బిందుశ్రీ తెర మీది పత్రాన్ని కిందికి జరిపింది.

“నాలుగో గడి ఖాళీగా ఉంది.”

“అది ఇంకా రాయాలి...”

“రెండేళ్ళుగా నడుస్తున్న సిస్టమ్ వల్ల ఏం జరుగుతుందో ఇంకా తెలీలేదా? జవాబు ఇవ్వని మనిషి ఎందుకివ్వలేదో నీ సిస్టమ్‌కు తెలుసా?”

“తెలీదు.”

“వద్దన్న మనిషినీ, మాట్లాడలేని మనిషినీ ఒకే గంపలో వేశావు. ఇది కట్టేముందు ఎవరెవరిని అడిగావు?”

“సంఘం కమిటీని. అయిదుగురు.”

“వాళ్ళ పొలాలు ఎక్కడ?”

“కాలువ తలకాడ.”

“అయిదుగురివీ?”

“అయిదుగురివీ.”

తెర మీద మిగతా ఆరుగురు శిక్షణార్థులు కళ్ళు దించుకున్నారు. ఒకడు మైకు మూసుకుని నవ్వుకున్నాడు కూడా.

“నీరుగంటిని కూడా అడిగాను మేడమ్. తూము ఎలా తిప్పుతారు, ఎంతసేపు పడుతుంది, అవన్నీ...”

“ఎలా అని అడిగావు. ఎందుకు అని అడగలేదు. ఏమన్నా తప్పు జరిగిందా?”

“జరిగింది.”

“ఆ రోజు లాగ్ తీసి చూశావా?”

“లేదు.”

“ఎందుకు చూడలేదు? భయమా? భయపడేవాళ్ళు కోడ్ రాసుకుంటూ ఉండొచ్చు. అదీ మంచి ఉద్యోగమే. ఊఁ, తర్వాత ఎవరు?”

అత్తింట్లో మూడు రోజులుగా బిందుశ్రీ పడ్డ మాటలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. ఎందుకంటే ఇది నిజం. ఏ ఫోనుకు ఏం పోయిందో, ఏ ఫోను నుంచి ఏం వచ్చిందో నిమిషాలతో సహా యాప్ లాగ్‌లో రాసుకుంటూనే ఉంటుంది. తెరవడం రెండు క్షణాల పని. పన్నెండు రోజులుగా ఆమె తెరవలేదు.

క్లాసు అయ్యాక తెరిచింది. అప్పటికి మూడయింది.

ఆ రోజుకు మూడే వరుసలు ఉన్నాయి. పదీ ఇరవై రెండుకు రుద్రేశ్‌కు సందేశం. పదీ యాభై రెండుకు జవాబు లేదు, వంతు చెన్నకేశవరావుకు మారింది, ఆయనకు సందేశం. పదీ యాభై మూడుకు చెన్నకేశవరావు ఫోను నుంచి జవాబు: కావాలి.

ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆ ఉదయం మామగారు తెల్ల చొక్కా వేసుకుని, బళ్ళారి నుంచి తెప్పించిన దండ పట్టుకుని చావు ఇంటికి బయలుదేరడం ఆమె కళ్ళతో చూసింది. తొమ్మిదిన్నరకు వెళ్ళాడు. పన్నెండు దాటాక వచ్చి, పెరట్లో తలస్నానం చేసిగాని లోపల అడుగుపెట్టలేదు. ముప్పై ఏళ్ళు మన మళ్ళల్లో నాట్లు వేసిన మనిషి, పోయి చూడకపోతే బాగుండదు అని ఇంట్లో అందరికీ చెప్పి మరీ వెళ్ళాడు.

వరండాలో చెన్నకేశవరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పుష్పావతి కింద చాప మీద కందులు చెరుగుతోంది. బిందుశ్రీ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“మామయ్యా, ఆ రోజు కావాలని నొక్కింది మీరేనా?”

“నేనే.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

“ఫోను మోగింది, తీశాను. నీళ్ళు కావాలా అంది, కావాలన్నాను. ఏం, దొంగతనం చేశానా?”

“అప్పుడు మీరు ఎక్కడున్నారు?”

చేట ఆగింది.

“యాడుంటే ఏంది?” అన్నాడు చెన్నకేశవరావు. కోస్తా నుంచి వచ్చి రెండు తరాలైనా తమ మాట పోనివ్వలేదని ఆయనకు గర్వం. కోపం వస్తే మాత్రం ఈ నేల మాటే బయటికొస్తుంది. “నేను కాదంటే ఆ నీళ్ళు రుద్రేశ్ మడికి పోయుండేవా? నీ యాప్ ఇంకొకణ్ణి అడిగేది. వాడు పట్టేవాడు. నా పదహారెకరాలూ పొట్ట మీదున్నాయి. రూలు రాసింది నువ్వు, పాటించింది నేను. నా తప్పు ఏ అక్షరంలో ఉందో చూపించు.”

చూపించలేకపోయింది. ఆయన చెప్పింది సగం నిజం.

“మరి హొన్నూరప్ప చేసిన తప్పేమిటి?”

“ఎవడో ఒకడు పోతేగాని ఊరు చల్లబడదు. నేను పోనా? నువ్వు పోతావా? వాడికి తిండి లేకుండా చేస్తానా నేను? మిల్లులో కాపలా పని చూపిస్తాను.”

“పని పోతే ఇంకో పని చూపిస్తారు. చావు ఇంటి నీళ్ళు మళ్ళించాడన్న పేరు వస్తుంది కదా, అది ఎక్కడ పోతుంది మామయ్యా? ఇరవై రెండేళ్ళు తూము దగ్గరే బతికాడు.”

“అయితే ఆ పేరు నాకు అంటిస్తావా?”

చెన్నకేశవరావు లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

పుష్పావతి మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే మాట్లాడింది.

“ముప్పై అయిదేళ్ళు కాపురం చేశాను ఆయనతో. నలుగురి ముందు తల వంచుకోవడం చూడలేదు. నీ పుణ్యాన చూడాలని నాకు లేదు.”

“అత్తయ్యా, హనుమమ్మ మీ చేతి అన్నం ఎన్నిసార్లు తినలేదు?”

“తింది. దానికోసం ఏడ్చాను కూడా. ఏడవడం వేరు, మొగుణ్ణి బజారుకీడ్చడం వేరు. వెళ్ళి చీర మార్చుకో, టైమవుతోంది.”

షెడ్డులో నలభై మంది దాకా ఉన్నారు. కమిటీ వాళ్ళకు కుర్చీలు, మిగతావాళ్ళకు గట్టు. ఇది సంఘం పెట్టిన రోజు నుంచీ ఉన్న ఏర్పాటు. అందరూ సమానమే అని మాత్రం బోర్డు మీద రాసి ఉంది. ఆడమనిషి బిందుశ్రీ ఒక్కతే. ఆమెకు కుర్చీ వేశారు. ప్రవీణ్ ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి వెనకే నిలబడ్డాడు. గుండు చేయించుకున్న రుద్రేశ్ నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. హొన్నూరప్ప కూర్చోలేదు. షెడ్డు బయట స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. తూము తిప్పే ఇనుప పిడి భుజం మీద ఉంది.

చెన్నకేశవరావు తీర్మానం చదివాడు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం అన్నాడు. మంచి మాటలే వాడాడు.

“నేనొకటి చెప్పాలి,” అంది బిందుశ్రీ.

లేచి నిలబడింది.

“తప్పు నాది. జవాబు రాకపోతే అరగంటలో వంతు మారిపోవాలని రాసింది నేను. చావు ఇంటి పద్ధతి మెషీన్‌కు తెలీదు. నేను చెప్పలేదు కాబట్టి తెలీదు. హొన్నూరప్ప ఫోన్లో వచ్చినట్టు చేశాడు. ఆయన తప్పు లేదు.”

చెప్పి కూర్చుంది. నిజమే చెప్పాను అనుకుంది. చెప్పకుండా మింగిన ఒక్క నిమిషం గురించి ఇక ఎవరూ అడగకపోతే, మామగారి పరువూ నిలుస్తుంది, హొన్నూరప్ప పనీ నిలుస్తుంది అని ఆశపడింది. రెండూ దక్కుతాయనుకునే వాళ్ళకు యశోద మేడమ్ ఏం చెబుతుందో ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు.

గట్టు మీద గుసగుసలు లేచాయి. చెన్నకేశవరావు వాటికి ఎక్కువ టైమివ్వలేదు.

“సరే. మా కోడలు ఒప్పుకుంది, కంప్యూటర్ పొరపాటు. దిద్దిస్తాం. కంప్యూటర్‌కు కళ్ళు లేవు. నీరుగంటికి ఉన్నాయి కదా? ఊళ్ళో చావు జరిగిందని ఇతనికి తెలీదా? నాకొక మాట చెప్పాలా వద్దా?”

“సెప్పినా సామీ,” అన్నాడు హొన్నూరప్ప.

“ఏం చెప్పావు? ఎప్పుడు చెప్పావు?”

“ఆ పొద్దే పోన్ సేసినా. రుద్రేశప్ప వాళ్ళమ్మ సచ్చిపోయింది, ఈ నీళ్ళు వాళ్ళ మడికే కడ్తా సామీ అంటి. పోన్లో ఏమొచ్చిందో అది సెయ్, నీ పెత్తనం వద్దు అంటివి.”

“అబద్ధం!” చెన్నకేశవరావు బల్ల మీద చెయ్యి కొట్టాడు. “నేను చావు ఇంట్లో ఉన్నాను. చావు ఇంట్లో ఫోను చూసే మనిషినా నేను? బయలుదేరినప్పుడు జేబులో పెట్టింది ఇంటికొచ్చేదాకా తీయలేదు.”

“అదీ నిజమే,” అన్నాడు కమిటీ మెంబరు హనుమేష్. “పెద్దాయన అట్ల సేసే మనిషి కాదు. ఏమప్పా హొన్నూరప్పా, ఈ వయసులో అబద్ధాలు ఏంటికి?”

“అబద్ధం కాదప్పా. సెప్పినా.”

“ఏదీ, నీ ఫోన్ సూపీ. ఆ కాల్ ఉండాదా?”

హొన్నూరప్ప జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన చిన్న ఫోను తీశాడు. తిప్పి తిప్పి చూశాడు. “దీంట్లో అంత పాతవి ఉండవప్పా. నాలుగు దినాలవే ఉండాయి.”

షెడ్డులో నవ్వులు లేచాయి. కుర్చీల వైపు మొదలై గట్టు దాకా పాకాయి. ఇంతకాలం ఆయన తిప్పిన నీళ్ళతో బతికినవాళ్ళే అందరూ. ఒకడు దొంగ అన్నాడు. ఇంకొకడు, రుద్రేశ్ మీద పాత పగ ఉందేమో అన్నాడు. రుద్రేశే లేచి అడిగాడు.

“హొన్నూరప్పా, మా అమ్మ నీకు ఏం సేసిందప్పా? ఆమె సావు నాడే నీకు దొరికిందా?”

“రుద్రేశప్పా, నేను సెప్పినాను...”

“సెప్పినా సెప్పినా అంటావు. ఎవరు ఇన్నారు?”

హొన్నూరప్ప కళ్ళు షెడ్డంతా తిరిగి బిందుశ్రీ దగ్గర ఆగాయి.

“నీకూ సెప్పినా కదమ్మా, రెండేండ్ల కిందట. ఇదే గట్టు మీద. సావు ఇండ్ల మాట ఒకటి ఉండాది మా, రాసుకో అంటి. తర్వాత సూద్దాం అంటివి.”

అంది. అవును, అంది. ఆ రోజు బాగా ఎండగా ఉంది, ఆమెకు ఇంటికి వెళ్ళాలని తొందరగా ఉంది. ఈ ముసలాయనకు అన్నింటికీ ఒక కథ ఉంటుంది అనుకుని పుస్తకం మూసేసింది.

ఇప్పుడు కుర్చీ వీపు మీద ప్రవీణ్ వేళ్ళు బిగుసుకున్నాయి. లేవొద్దు అని ఆ వేళ్ళు చెబుతున్నాయి. ఎదురుగా మామగారు ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. నమ్మకం ఉంది. ఇంటి మనిషి ఇంటి గుట్టు విప్పదన్న నమ్మకం. బెదిరించి ఉంటే ఆమెకు ఇంతసేపు పట్టేది కాదు.

“తీర్మానానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి,” అన్నాడు హనుమేష్.

చేతులు లేవసాగాయి.

“ఆగండి,” అంది బిందుశ్రీ.

లేచి ఫోను తీసింది. చూసి చదివింది, మామగారి మొహం చూడకుండా ఉండటానికి.

“తూము తిరగాలంటే తర్వాతి మనిషి కావాలని నొక్కాలి. ఊరికే తిరగదు. ఆ రోజు మామయ్య ఫోనుకు పదీ యాభై రెండుకు సందేశం వెళ్ళింది. పదీ యాభై మూడుకు కావాలని జవాబు వచ్చింది. ఆయనే నొక్కారు. ఇందాక ఇంట్లో నాతో ఒప్పుకున్నారు.”

కుర్చీ మీది చెయ్యి తీసేశాడు ప్రవీణ్.

ఎత్తిన చేతులు ఎప్పుడు దిగాయో తెలీలేదు. రుద్రేశ్ మెల్లగా బల్ల దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు.

“పదీ యాభై మూడా? ఆ పొద్దుకు మా అమ్మకు ఇంకా నీళ్ళు పోయలేదు. ఊర్లో పెద్దమనిషి వచ్చినాడని ఆమె తలకాడ కుర్చీ ఏసి కూర్చోబెడ్తిమి. ఆ కుర్చీలో కూర్చోనే నొక్కినావా సామీ?”

చెన్నకేశవరావు పెదవులు కదిలాయి. రూలు అనబోయాడో, నా పదహారెకరాలు అనబోయాడో తెలీదు. తల వంగింది.

హొన్నూరప్ప షెడ్డు లోపలికి వచ్చాడు. దండం పెడతాడేమోనని బిందుశ్రీ లేచి నిలబడింది. వద్దని వారించడానికి చెయ్యి కూడా ఎత్తింది.

“ఇది నీకు ఎప్పుడు తెలిసెమ్మా?” అని అడిగాడాయన.

“ఇవాళే. మూడింటికి.”

“మూడింటికి.” ఆయన తల ఊపాడు. “ఇప్పుడు నాలుగున్నర దాటె. నలభై మంది నన్ను దొంగ, అబద్ధాలోడు అంటాంటే నువ్వు ఈడనే కుర్చీలో కూర్చోనుంటివి.”

“హొన్నూరప్పా, నేను నీ తప్పు లేదనే కదా చెప్పాను...”

“మెషీన్‌కు తెలీదంటివి. నీకు తెలుసు కదమ్మా.”

ఆయన జవాబు కోసం ఆగకుండా బల్ల వైపు తిరిగాడు.

“పని ఉందప్పా, నువ్వే ఉండు. తీర్మానం లేదు, ఏం లేదు,” అన్నాడు హనుమేష్, ఇందాక చెయ్యెత్తమన్నవాడే.

“ఆయ్తు బిడప్పా, ఇడ్సిపెట్టు,” అన్నాడు హొన్నూరప్ప. భుజం మీది ఇనుప పిడి దించి బల్ల మీద పెట్టాడు. “రేపు పొద్దున ఆరింటికి వంతు ఉండాది. ఆ పోన్‌నే వచ్చి తిప్పమనండి.”

గట్టు మీద నుంచి ఊరి వైపు నడిచి వెళ్ళిపోయాడు. రుద్రేశ్ ఆయన వెనకే పోయాడు. తర్వాత చివరి మడుల వాళ్ళు ఒక్కొక్కరే లేచారు.

షెడ్డులో కుర్చీల వాళ్ళు మిగిలారు. పిడి బల్ల మీదే ఉంది. దాన్ని తూముకు తగిలించి ఎటువైపు ఎన్ని చుట్లు తిప్పాలో అక్కడ మిగిలినవాళ్ళలో ఒక్కరికీ తెలీదు.